కొసరు

సంతలో వంకాయలు తూచే మనిషి, త్రాసు ముల్లు సరిగా నిలిచిన తరువాత కూడా, మరొక వంకాయను ఏరి మన సంచిలో వేస్తాడు. పక్కనున్న కరివేపాకు కట్టలోనుండి ఒక రెమ్మను తుంచి దాని మీద ఉంచుతాడు. ఆ వంకాయకు వెల లేదు. ఆ రెమ్మకు లెక్క లేదు. అవి ఇవ్వకపోయినంత మాత్రాన అతడు మోసగాడు కాడు, మనం మోసపోయినవారమూ కాము. అయినా ఆ ఒక్క రెమ్మ కోసమే మనం వచ్చే వారం కూడా అతని గంప దగ్గరకే వెళ్తాము. దీనినే తెలుగువారు కొసరు అంటారు. మన పొరుగున ఉన్న తమిళులు కొసురు అంటారు. విందులో ఆకు ముందు కూర్చున్నవాడు చాలునన్నా వినక, ఇంకొక గరిటె వేసే తల్లి చేతిని గూర్చి చెప్పవలసి వస్తే, కొసరి కొసరి వడ్డించిందని అంటాము.

మా ఇంట ఉర్దూ, మా వాకిట తెలుగు. రెండు భాషల మధ్య పెరిగినవారికి ఒక చిన్న వేడుక ఉంటుంది. ఒక మాట ఏ గడప దాటి ఏ ఇంటికి వచ్చిందో వారు గమనిస్తూ ఉంటారు. మన తెలుగు వర్తకుని చిట్టా తెరచి చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, బయానా: ఇవన్నీ అరబ్బీ, ఫారసీ భాషలనుండి ఉర్దూ వాకిలి గుండా వచ్చి తెలుగు ఇంట స్థిరపడిన మాటలే. చివరకు అసలు అనే మాట కూడా అరబ్బీ నుండి వచ్చినదే. కాని కొసరు మాత్రం ఈ నేల మాట. అసలు కన్నా కొసరు ముద్దు అనే సామెతలో ఆ రెండూ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. మేము ఈ నాలుగు మాటలు వ్రాయబూనినది ఆ రెండింటిని గూర్చియే. వాటిలో ఏది ఏదో తెలియక ఒక వేసవిలో మా కుటుంబం చేసిన పొరపాటును గూర్చి కూడా.

మాది ముసునూరు. నూజివీడుకు తూర్పున కొద్ది మైళ్ళ దూరంలో, తమ్మిలేరుకు చేరువలో ఉన్న మెట్ట ప్రాంతం. మా చిన్ననాడు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలో చేరింది. జిల్లా మారినా నేల ఎరుపు మారలేదు. ఆ ఎర్రనేల మీద కనుచూపు మేర మామిడి తోటలు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు అని మేము పిలిచే తోతాపురి. నూజివీడు రసాలన్న పేరు వినగానే దూరదేశాలలో ఉన్న తెలుగువారికి కూడా నోరూరుతుంది. ఆ పేరు వెనుక ఎందరి రాత్రుల కాపలా ఉన్నదో తినేవారికి తెలియనక్కరలేదు. మాకు మాత్రం తెలిసి ఉండవలసింది.

మా తండ్రిగారికి సొంత తోట లేదు. పూత దశలోనే తోటను గుత్తకు తీసుకొని, ఆ ఏటి కాపును అమ్ముకొని, వచ్చిన లాభనష్టాలతో ఇల్లు నడిపేవారు. మామిడి వ్యాపారమంటే పువ్వును చూచి పండుకు ధర కట్టడం. ఒక్కొక్క పూగుత్తిలో వందలకొద్దీ, ఒక్కొక్కప్పుడు వేలకొద్దీ పూలుంటాయి. వాటిలో అధికభాగం మగపూలు. మిగిలినవాటిలో పిందెగా మారేవి కొన్ని. ఆ పిందెలలో రాలినవి రాలిపోగా గుత్తికి ఒకటో రెండో కాయలు నిలుస్తాయి. మంచు ఎక్కువైతే బూడిద తెగులు, మబ్బు పట్టితే తేనెమంచు పురుగు. ఒక ఏడు విరగకాచిన చెట్టు మరుసటి ఏడు ముఖం చాటువేయవచ్చు. ఇన్ని అనిశ్చితాల నడుమ ఆ గుత్త ఒప్పందాలు నోటిమాట మీదనే జరిగేవి. సంక్రాంతికి బయానా, కోతలు మొదలైన తరువాత మిగిలిన సొమ్ము. కాగితం ఉండేది కాదు. తోట యజమానిని మా తండ్రిగారు అన్నగారూ అని పిలిచేవారు; ఆయన భాయీ అనేవారు. మేము ఆయనను పెదనాన్నగారూ అని పిలిచేవారము. ఆ పిలుపులే దస్తావేజులు.

తోటకు కాపలా ఒక వృద్ధుడు, అతని భార్య. సంక్రాంతికి వచ్చి, చెట్ల నడుమ తాటాకు గుడిసె వేసుకొని, మృగశిర కార్తె ప్రవేశించే దాకా ఉండేవారు. ఐదు నెలల జీతం, దానికి తోడు తిండిగింజలు. పగలు కోతుల మీదికి వడిసెల, రాత్రి దొంగల మీదికి కేక. బలివే తిరునాళ్ళకు ఊరంతా శివరాత్రి జాగారానికి తమ్మిలేటి ఒడ్డుకు పోతే, ఆ దంపతులు పిందెల క్రింద జాగారం చేసేవారు. మేము అన్నదమ్ములము ఇద్దరమూ, మా చెల్లెలూ ఆయనను తాతా అని పిలిచేవారము. మా తండ్రిగారి చిట్టాలో కూడా ఆయన పద్దు "తోట తాత" అనే ఉండేది. ఆయన తూర్పు మనిషి అని మాత్రం మాకు తెలుసు. ఏ ఊరో, అసలు పేరేమిటో మేము ఎన్నడూ అడుగలేదు.

తాత కాయలు లెక్కించే తీరు మాకొక వినోదం. ఒకటి అనేవాడు కాడు. మొదటి కాయను గంపలో వేస్తూ లాభం అనేవాడు. తరువాత రెండు, మూడు. ఏడు రాగానే ఆరున్నొకటి అనేవాడు. ఏడు అంటే ఏడ్చినట్లవుతుందని అతని భయం. మేము ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పి నవ్వితే, మా దాదీమా నవ్వలేదు. ఆమె వంటింట బియ్యం కొలిచేటప్పుడు మొదటి కొలతకు ఒకటి అనక బర్కత్ అనేది. "తోటలో లాభం, ఇంట్లో బర్కత్. మాట వేరు గాని మొక్కు ఒక్కటే" అన్నది. లెక్క మొదలుపెట్టక ముందే, లెక్కకు అందనిదానికి ఒక చోటు విడిచిపెట్టడమన్న మాట. ఆనాడు అది మాకు బోధపడలేదు.

1990 మే నెల వచ్చింది. ఆ ఏడు కాపు బాగా నిలిచింది. మూడవ వంతు కోత పూర్తయింది. కాయను తొడిమతో కోసి, చిక్కంలోకి జారనిచ్చి, సొన మీద పడకుండా నేల మీద పరచిన గడ్డిలో తలక్రిందుగా పెట్టేవారు. సొన సోకితే కాయ మీద నల్లని చార పడుతుంది; చేతికి సోకితే పుండవుతుంది. తాత ముంజేతుల మీద అటువంటి మచ్చలు లెక్కలేనన్ని. ఇంకొక పదిహేను రోజులు వాతావరణం అనుకూలిస్తే చెల్లెలి పెళ్ళికి నాలుగు కాసులు కొనవచ్చునని మా అమ్మ ఆశ.

మే 9వ తేదీన తుఫాను కృష్ణానది ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఆ తుఫానులో మన రాష్ట్రం తొమ్మిది వందలకు పైగా ప్రాణాలను కోల్పోయింది. సముద్రానికి దూరంగా ఉన్న మాకు ప్రాణభయం కలగలేదు గాని, రాత్రంతా తోటల వైపు నుండి ఒక శబ్దం వినవచ్చింది. వర్షపు హోరులో, గాలి విసురు విసురుకూ, రాశిగా కాయలు నేలను కొట్టుకొనే చప్పుడు. మా తండ్రిగారు వాకిట నిలబడి అది విన్నారు. ఎవరితోనూ మాట్లాడలేదు. తెల్లవారి వెళ్ళి చూస్తే నేల మీద ఆకుపచ్చని తివాచీ పరచినట్లున్నది. గుడిసె కప్పు ఎగిరిపోయింది. తాత, అవ్వ చెట్టు మొదట ఒక గోనెపట్టా క్రింద కూర్చొని ఉన్నారు. మమ్ములను చూడగానే తాత లేచి గంప చేతికి తీసుకొన్నాడు.

మూడు రోజులు ఆ దంపతులు వంచిన నడుము ఎత్తలేదు. పగిలినవి ఒక వైపు, నలిగినవి ఒక వైపు, నిలిచేవి ఒక వైపు. ఊరగాయకని, ఒరుగులకని అయినకాడికి బండ్ల మీద తరలించారు. కాపలా మనిషి పని కాయను కాయడమే గాని రాలినదానిని ఏరడం కాదు. ఏరమని ఎవరూ చెప్పలేదు. కూలి ఎంతని అతడు అడుగలేదు.

నాలుగవ నాడు మా తండ్రిగారు యజమాని ఇంటికి వెళ్ళారు. మిగిలిన గుత్త సొమ్ము ఎలా చెల్లించాలో తెలియని స్థితి. మా అన్నయ్య వెంట ఉన్నాడు. పెదనాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, చాలా సేపు తుఫాను సంగతులే మాట్లాడారట. చివరకు, "తోట నాది, కాపు నీది. గాలి ఎవరిది భాయీ? మిగిలినదానిలో సగం నా వైపు వ్రాసుకో. ఆ రెండవ సగం వచ్చే ఏడు చూద్దాం. వచ్చే ఏడు కూడా తోట నీకే" అన్నారు. లోపలనుండి పెద్దమ్మ, పిల్లలకని బెల్లం అచ్చు ఒకటి పంపింది. మా తండ్రిగారు దారి పొడుగునా కళ్ళు తుడుచుకొంటూ వచ్చారని అన్నయ్య ఇప్పటికీ చెబుతాడు.

ఆ సాయంకాలమే మా తండ్రిగారు తాత లెక్క తేల్చారు. పంట లేని తోటకు కాపలా అక్కరలేదు. సంక్రాంతి నుండి ఆ రోజు వరకు దినాలు లెక్కగట్టి పైసలతో సహా చేతిలో పెట్టారు. మృగశిరకు ఇంకా సుమారు ఒక నెల ఉన్నది. ఆ నెల జీతం ఇవ్వలేదు. అన్యాయమని ఆయనకు తోచలేదు, మాకూ తోచలేదు. నష్టం అందరికీ వచ్చింది గదా అనుకొన్నాము. తాత ఆ సొమ్మును లెక్కించకుండానే మడిచి రొంటిన దోపుకొన్నాడు. "ఉండండి సాయిబుగారూ" అని వెళ్ళి, కూలిన గుడిసెలోనుండి ఒక చిన్న గంప తెచ్చాడు. గుడిసె వెనుక గాలిచాటున ఉన్న చెట్టుకు నిలిచిన చిన్నరసాలు. గడ్డిలో మాగవేసి ఉంచాడు. "పిల్లలకు" అన్నాడు. ఒక్కొక్కటే మా చెల్లెలి ఒడిలో వేస్తూ లెక్కించాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి.

ఆ రాత్రి మేము ఆ పండ్లు తింటూ ఉండగా దాదీమా పండు ముట్టలేదు. కొడుకును పిలిచి అడిగింది: "నీకు ఆయన ఎంత విడిచిపెట్టాడు? ఇతనికి నీవు ఎంత ఇచ్చావు?" మా తండ్రిగారు జవాబు చెప్పలేదు. తెల్లవారక ముందే సైకిలు తీసుకొని తోటకు వెళ్ళారు. గుడిసె స్థలంలో మూడు పొయ్యిరాళ్ళు మాత్రం ఉన్నాయి. బస్సు ఆగే చోట అడిగారు. నూజివీడు వెళ్ళి అడిగారు. పేరు చెప్పమన్నవారికి చెప్పడానికి పేరు లేదు. ఊరు చెప్పమన్నవారికి తూర్పు అనే దిక్కు తప్ప మరేమీ లేదు. నెలల తరబడి మా అన్నం తిన్న మనిషిని, మాకు అన్నం పెట్టిన మనిషిని, వెదకడానికి మా దగ్గర ఉన్న ఆనవాలు అంతే.

మరుసటి సంక్రాంతికి అతడు రాలేదు. ఆ తరువాతా రాలేదు.

మా తండ్రిగారు చదువరి కారు గాని ఆ విషయం మీద ఆయనకొక నిశ్చయం ఏర్పడింది. ఒకనాడు మాతో ఇలా అన్నారు: "ఆ నెల జీతం ఇచ్చి ఉంటే కొసరు ఇచ్చినట్లని మీరు అనుకొంటున్నారు. కాదు. మృగశిర దాకా అని మాట ఇచ్చాను. అది అసలు. కొసరు ఇచ్చినది అతడు. నేను అసలే ఇవ్వలేదు." ఆ తరువాత ఆయన ఎన్ని తోటలు పట్టినా, కాపు నిలిచినా రాలినా, కాపలావారికి మృగశిర వరకు పూర్తి జీతం ఇచ్చారు. వారి పేరు, ఊరు, ఇంటిలో ఎందరు అన్న వివరాలు చిట్టా మొదటి పుటలో వ్రాసుకొన్నారు.

విద్యార్థి మిత్రులారా, ఈ చిన్న సంగతిని ఇంత విపులంగా వ్రాయడానికి కారణం ఉన్నది. కొసరును మనం తరచుగా పొగడుతాము. అది పొగడదగినదే. కాని కొసరు ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోతున్నదో కూడా గమనించాలి. ఉన్నవాడు లేనివానికి ఇస్తే అది ఔదార్యం. సమానులు ఒకరికొకరు ఇచ్చుకొంటే అది స్నేహం. లేనివానినుండి ఉన్నవాడు ఆచారంగా పుచ్చుకొంటే దానికి మన పల్లెలలో వెట్టి అని పేరు. ఇంటి పని చేసినవాడు పశువులను కూడా చూడాలి, పొలం దున్నినవాడు కట్టెలు కూడా కొట్టాలి, దానికి లెక్క అడుగరాదు అనే ఆచారం తరతరాలు నడిచింది. అందుకే ఈ దేశం 1976లో వెట్టిచాకిరిని రద్దు చేస్తూ ప్రత్యేకంగా చట్టం చేసుకోవలసి వచ్చింది. ప్రేమతో ఇచ్చినది కొసరు. భయంతో ఇచ్చినది దానికి కేవలం బాహ్యరూపం.

అట్లే, అమ్మేవాడు కొసరు వేయడం మన సంప్రదాయం కాగా, కొన్నిచోట్ల కొనేవాడు తరుగు తీయడం వ్యవహారమైనది. రైతు తెచ్చిన సరుకులో మట్టి అని, తేమ అని, డాగు అని కొన్ని కిలోలు ముందే కోసివేస్తారు. కొసరు, తరుగు: ఈ రెండు మాటలు మనిషి మనసుకు రెండు కొసలు. ఏ కొసను పట్టుకొంటామన్నది మన చేతిలో ఉన్నది.

ఈనాడు విజయవాడ సమీపాన నున్న మార్కెట్టుకు లారీలలో కాయ పోతున్నది. కాయల లెక్క పోయి టన్నుల లెక్క వచ్చింది. తూకపు యంత్రం గ్రాములతో సహా చూపుతున్నది. జేబులోని ఫోను పైసలతో సహా చెల్లిస్తున్నది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. కార్బైడుతో కాయలు మాగవేయరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు శాసించాయి. ఇవన్నీ మంచివే. లెక్క సరిగా ఉండడం బలహీనునికి రక్షణ. మా తాతకు ఒక కాగితం ఉండి ఉంటే ఆ నెల జీతం ఎక్కడికీ పోయేది కాదు. కాని ఎంత సున్నితమైన యంత్రమైనా ఆ కరివేపాకు రెమ్మను తూచలేదు, గాలిచాటు చెట్టు పండ్లను గడ్డిలో దాచిన చేతిని కూడా తూచలేదు. అందుచేత మాకు తోచినదేమనగా, అసలును కాగితం మీద ఉంచాలి. కొసరును మనసు మీద ఉంచాలి. రెండింటినీ తారుమారు చేయరాదు.

మన కళాశాలలో కూడా దీనికి నిదర్శనాలు లేకపోలేదు. పరీక్షల రోజులలో గ్రంథాలయం మూసే వేళ దాటినా, పుస్తకంలో తల వంచిన విద్యార్థిని చూచి తాళంచెవి చేతిలో పట్టుకొని మౌనంగా నిలబడేవారున్నారు. గంట మ్రోగిన తరువాత కూడా ఒక సందేహం తీర్చడానికి ఆగే అధ్యాపకులున్నారు. ఒక లిపిలో వ్రాసినదానిని మరొక లిపి మాత్రమే తెలిసిన మిత్రునికి ఓపికగా చదివి వినిపించే సహాధ్యాయులున్నారు. వీరందరూ మనకు వేసేది కొసరు. అది వారి విధి అని మనం అనుకొన్ననాడు అది ఎండిపోతుంది. ఏ సంస్థనైనా నిర్వహించే పెద్దలకు కూడా సవినయంగా ఒక్క మాట. మొదటి తేదీన చేతికందే జీతం ఎవరి దయా కాదు, అది అసలు. అది సకాలంలో అందిన చోటనే కొసరు పుడుతుంది.

మా తండ్రిగారు గతించి కొన్ని సంవత్సరాలైనది. ఆయన పెట్టెలో వరుసగా కట్టిన చిట్టాలు దొరికాయి. లెక్కలు ఉర్దూలో, ఊళ్ళ పేర్లు తెలుగులో. 1991 నుండి ప్రతి ఏటి చిట్టాలోనూ కాపలావారి వివరాల దిగువన ఒకే పద్దు ఉన్నది: తోట తాత, ఒక నెల, బాకీ. ఏ సంవత్సరమూ ఆయన దానిని కొట్టివేయలేదు. దానధర్మాల పద్దు క్రింద చూపి తేలిక పడలేదు. పాత చిట్టా మూయగానే కొత్తదానిలోకి ఎత్తి వ్రాసుకొన్నారు.

ఇప్పుడు తోటలు పట్టేవారు మాలో ఎవరూ లేరు. అయినా ఏటా సంక్రాంతికి, ఇంటి జమాఖర్చుల పుస్తకం తెరచినప్పుడు, మేము కూడా ఆ పద్దును ఎత్తి వ్రాసుకొంటున్నాము. మా చెల్లెలు వేసవిలో పిల్లలకు చిన్నరసాలు పంచేటప్పుడు లాభం అని మొదలుపెడుతుంది. ఆరున్నొకటి దగ్గర పిల్లలు పకపక నవ్వుతారు. ఎందుకలా అంటావని అడిగితే, మొదట మనిషి పేరు అడగడం నేర్చుకోండి, తరువాత చెబుతానంటుంది.